డీవీడీలలోని కంఠధ్వనులు: వానిని కాపాడుకొను విధము

బీరువాలో నగలపెట్టె ప్రక్కనే పెండ్లి డీవీడీలను దాచుకొనుట మన స్త్రీలకు వాడుక. నగ పోయినచో మరల చేయించుకొనవచ్చును. ఆ పెండ్లిలో మంగళహారతి పాడిన నాయనమ్మ కంఠము మరల దొరకునా? మన ఇండ్లలోని ఇట్టి డీవీడీలకు లోపలి రంగుపూతయే ఆధారము. వేడికిని, వెలుతురునకును అది క్రమముగా చెడును. పైగా వానిని త్రిప్పు యంత్రము కొత్త కంప్యూటర్లలో అరుదైపోయినది. కావున అందలి వేడుకను ఎంపీ4, ఎంకేవీ మొదలగు ఫైళ్లుగా మార్చుకొనుట అవసరము. అట్లు మార్చునపుడు బొమ్మ చక్కగా వచ్చియు ధ్వని చెడుట కలదు. దానిని సవరించు మార్గములను సోదరీమణులకు తెలుపుచున్నాము.

డీవీడీలో వీడియో_టీఎస్ అను ఫోల్డరుండును. అందలి వీఓబీ ఫైళ్లలో బొమ్మయు, ధ్వనియు జడపాయలవలె పెనవేసికొని యుండును. ఒక్కొక్క ఫైలు ఒక గిగాబైటునకు మించదు గనుక ఒకే వేడుక పెక్కు తునకలగును. వానిని విడివిడిగా మార్చినచో అతుకులచోట మాట తెగును. ఫోల్డరు నంతయు ఒక్కమారుగా తెరచుటయే మేలు. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలును.

మొదటి చిక్కు, ధ్వని బొత్తిగా వినబడకుండుట. డీవీడీలలో ధ్వని తరచుగా ఏసీ-3 రూపమున నుండును. దానిని అట్లే క్రొత్త ఫైలులోనికి పంపినచో కొన్ని ఫోనులు చదువజాలవు. ఆడియో అను పుటలో ఏఏసీని ఎన్నుకొనినచో చిక్కు తీరును. ఒక డీవీడీలో ఎనిమిది ఆడియో ట్రాకులవరకు ఉండవచ్చును. ఒక భాషకు బదులు మరియొకటి వినబడినచో ఎన్నుకొనిన ట్రాకును సరిచూడవలెను.

రెండవది, పెదవులకును మాటకును పొంతన కుదరకుండుట. ఇది రెండు విధములు. మొదటినుండి చివరివరకు తేడా ఒక్కటే యైనచో సవరణ సులభము. వీఎల్‌సీలో ఫైలును నడపుచు, మాట ముందుగా వచ్చుచున్నచో కే మీటను, వెనుకబడినచో జే మీటను నొక్కవలెను. ఒక్కొక్క నొక్కునకు 50 మిల్లీసెకన్లు జరుగును. పొంతన కుదిరిన లెక్కను వ్రాసికొని, ఎంకేవీటూల్‌నిక్స్ అను ప్రోగ్రాములో ఆ ట్రాకునకు ఆలస్యముగా నిచ్చినచో సవరణ స్థిరపడును.

పోను పోను తేడా పెరుగుచున్నచో ఆ ఉపాయము పనికిరాదు. అది బొమ్మల వేగమునందలి దోషము. మన దేశపు డీవీడీలు సాధారణముగా పాల్ పద్ధతివి. అందు సెకనుకు 25 బొమ్మలు. ధ్వనిని విడదీసి, బొమ్మలను 23.976 వేగమున నడపినచో గంటసేపటి వేడుకలో సుమారు రెండున్నర నిమిషములు తేడా వచ్చును. తాళి కట్టుచుండగా అప్పగింతల పాట వినబడును! హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్‌రేటును ‘సేమ్ యాజ్ సోర్స్’ అనియు, ‘కాన్‌స్టెంట్’ అనియు నుంచి మరల మొదటినుండి మార్చవలెను.

మూడవది, బాజాలు పెద్దగాను మాటలు సన్నగాను వినబడుట. ధ్వని ఏసీ-3 యైనచో ఆడియో పుటలోని డీఆర్‌సీని కొంచెము పెంచవలెను. హెచ్చుతగ్గులు కొంత సమమగును. మొత్తము ధ్వనియే సన్నగా నున్నచో గెయిన్ పెంచవలెను.

వీడియోవారు పెద్దల మాటలపై సినిమాపాట కలిపియున్నచో ఈ ప్రోగ్రాములు నీరక్షీరములను విడదీయు హంసలు కాజాలవు. పాట కలుపని అసలు ప్రతి యున్నదేమో వారినే వెంటనే అడుగవలెను. ఏండ్లు గడచినకొలది అది దొరకుట కష్టము.

మేము చెప్పినది ఇంటి డీవీడీల మాట. అమ్మకపు సినిమాలకు వేయు తాళములను విప్పుట చట్టముతో ముడిపడిన వేరు సంగతి.

ఫైలు తయారైన పిమ్మట ఆదిని, మధ్యమును, అంతమును వినవలెను. రెండు ప్రతులు రెండు చోట్ల నుంచవలెను. ఆ పని ముగియువరకు పాత డీవీడీని పారవేయరాదు. ఈ సెలవులలో ఒక మధ్యాహ్నము పిల్లలను తోడుంచుకొని ఈ పని మొదలుపెట్టుడు. పెద్దల గొంతు ఎట్టిదో వారికిని తెలియును.