తుమ్మ బంకతో ఇంటి గమ్ము

గమ్ము సీసాలు ఇంటింటికీ రాకముందు తుమ్మచెట్టే మనకు స్టేషనరీ దుకాణం. కాండం మీద కారి గట్టిపడిన బంక ఒలిచి, ఖాళీ ఇంకుసీసాలో నీళ్ళు పోసి నానేస్తే తెల్లారేసరికి జిగురు సిద్ధం. పుస్తకాల అట్టలకీ, ఉత్తరాల కవర్లకీ అదే.

మా కిషన్‌బాగ్‌లో దీన్ని గోంద్ అంటారు. బాలింతలకు లడ్డూలు చుట్టేది దీంతోనే. మా సందులో కొందరు ఇల్లాళ్ళు కిరాణా కొట్లకు కాగితం కవర్లు అంటించి ఇస్తారు. ఉడికించిన మైదా లై వాడితే వానాకాలంలో బూజు, బొద్దింకలు. కట్ట వెనక్కొస్తే ఆ రోజు కూలి పోయినట్టే! "గోంద్‌తో చేసి చూద్దామా ఆపా?" అని పక్కింటావిడని అడిగాను. చేశాం. లై కన్నా ఖర్చు ఎక్కువే. అందుకే ఆవిడ బరువు పడే అడుగు అతుక్కి మాత్రమే బంక వాడుతోంది.

ఎలా చేయాలంటారా? 50 గ్రాముల బంకలో బెరడు ముక్కలు ఏరేసి, కచ్చాపచ్చాగా దంచండి. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నాననివ్వండి. పొద్దున్న పల్చని పాతగుడ్డలో వడకట్టండి. బూజు పట్టకుండా రెండు చుక్కల లవంగనూనె, ఎండాక పెళుసెక్కకుండా పావుచెంచా గ్లిజరిన్ కలిపి మూత పెట్టండి. ఇది కాగితానికీ, అట్టకీ బాగుంటుంది. తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది కాబట్టి తడిచే వస్తువులకు పనికిరాదు.

చెట్టు నుంచి కారేదల్లా జిగురు కాదు సుమా! గుగ్గిలం, సాంబ్రాణి నీళ్ళలో కరగవు. మన్యం అడవుల తపసి బంక నీళ్ళు పీల్చి ఉబ్బుతుందే గానీ తుమ్మ బంకలా పూర్తిగా కరగదు. కట్టుడుపళ్ళు నిలబడేందుకు వాడే పొడుల్లోకి, మందుల్లోకి అది వెళుతుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ దాన్ని గిరిజనుల దగ్గర కొంటూ వచ్చింది. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికితే తపసి చెట్లు ఎండిపోయాయి. చెట్టు పోతే ఏటా వచ్చే రాబడీ పోయింది. ఆ తర్వాతే బెరడు మీద చిన్నగాటు పెట్టి, గాయం మానాక మళ్ళీ తీసే పద్ధతి నేర్పించారు.

బంక అంటే చెట్టు తన గాయానికి తనే వేసుకునే పట్టీ. కనుక మీ ఊళ్ళో తుమ్మచెట్టు కనబడితే, దానంతట అదే కారి ఎండినది మాత్రమే ఒలవండి. పిల్లల చేతికి కత్తి ఇచ్చి గాట్లు పెట్టించకండి. చెట్టు అందుబాటులో లేనివాళ్ళకి పచారీ కొట్లో వంద గ్రాముల గోంద్ దొరక్కపోదు. ఈసారి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు ప్రయత్నిద్దాం, ఏమంటారు?