ఎదుటి దీపం మసకబారితే

రాత్రిపూట మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర నిలబడితే, కడప వైపు నుంచి వచ్చే లారీ లైటు చాలా దూరం నుంచే కనపడుతుంది. నడుమ ఎవరి చేలోనో చెత్త కాలుతుంటే, ఆ చీకట్లో పొగ మన కంటికి ఆనదు. లైటు మాత్రం కాసేపు మసకబారి మళ్లీ తేరుకుంటుంది. పొగ ఉందని ఆ లైటే చెబుతుంది.

గెలాక్సీల నుంచి బయటికి ఎగజిమ్మే వాయువునూ ఇలాగే పట్టుకుంటారు. అది మరీ పలచన. దాని వెనకాల, ఎంతో దూరాన క్వాసార్ అనే మహా కాంతివంతమైన వస్తువు ఒకటి వెలుగుతుంటే, ఆ వెలుగును రంగులుగా విడదీస్తారు. వాయువు మింగేసిన చోట నల్లని గీతలు పడతాయి. ఏ మూలకమో, ఎంత వేగంతో కదులుతోందో ఆ గీతల్లోనే ఉంటుంది.

అయితే ముఖ్యమైన గీతలు చాలావరకు అతినీలలోహితంలో పడతాయి. ఆ కాంతిని మన గాలి కిందికి రానివ్వదు. అందుకే అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు కోసం కొలరాడో విశ్వవిద్యాలయంలోని జేమ్స్ గ్రీన్ బృందం 'కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్' అనే, వెలుగును విడదీసే యంత్రాన్ని సిద్ధం చేసింది. దాన్ని బిగించాలంటే వ్యోమగాములు స్పేస్ షటిల్‌లో వెళ్లాలి. 2003లో అలాంటి షటిల్ కొలంబియా కూలి, కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. మరుసటి ఏడాది హబుల్ మరమ్మతు యాత్రనే రద్దు చేశారు. 2006లో మళ్లీ సరేనన్నారు. 2009 మే 16న వ్యోమగాములు గ్రన్స్‌ఫెల్డ్, ఫ్యూస్టెల్ అంతరిక్షంలో నడిచి, హబుల్ అద్దం లోపాన్ని దిద్దిన పాత 'కళ్లజోడు' కోస్టార్‌ను ఊడదీసి, ఆ చోట ఈ స్పెక్ట్రోగ్రాఫ్‌ను బిగించారు.

దీని పనితనంలో నాకు అపురూపంగా తోచేది ఒక పలక. సీడీని ఎండలో తిప్పితే రంగులు విరుస్తుంది కదా, అలాంటి సన్నటి గాళ్లు దాని మీద ఉంటాయి. అతినీలలోహిత కాంతి అద్దానికి తగిలిన ప్రతిసారీ కొంత తగ్గిపోతుంది. కాబట్టి రంగులు విడదీయడం, కాంతిని ఒకచోటికి చేర్చడం, హబుల్ అద్దం లోపాన్ని దిద్దడం, ఈ మూడు పనులనూ ఆ ఒక్క పలకకే అప్పగించారు. కళ్లజోడు ఇందులోనే కలిసిపోయింది.

2011లో ఫలితాలు వచ్చాయి. కొత్త నక్షత్రాలు పుట్టే గెలాక్సీల చుట్టూ, దాదాపు 5 లక్షల కాంతి సంవత్సరాల దాకా, ఐదు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఆక్సిజన్ పరుచుకుని ఉంది. మనం పీల్చే ఆక్సిజన్ కూడా ఒకప్పుడు నక్షత్రాల కడుపులో తయారైందే! పీజీ1206+459 అనే క్వాసార్ దారిలో ఉన్న మరో గెలాక్సీ నుంచి వాయువు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల దాకా వేగంతో, 2 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా విస్తరించి కనిపించింది.

ఈ యంత్రమూ అరుగుతోంది. భూమి చుట్టూ ఉండే హైడ్రోజన్ మెరుపు పడీపడీ డిటెక్టరులో అది పడే చోటు బలహీనపడుతుంది. అందుకని 2012 నుంచి, కొన్నేళ్లకోసారి, కాంతి పడే పట్టీని పక్కనున్న తాజా చోటికి జరుపుతూ వస్తున్నారు.