నిల్వలోనే విలువ: ఓరిస్ వేరు వ్యాపారం తీరు

పాతబడితే ధర తగ్గే సరుకులే మార్కెట్టులో ఎక్కువ. పాతబడితే గాని ధర పలకనిది ఓరిస్ వేరు. చలిదేశాల పెరళ్లలో అందానికి పెంచే ఐరిస్ పూలమొక్క దుంపే ఇది. ఇటలీలో ఫ్లారెన్స్ చుట్టుపట్ల కొండవాలుల్లో, ద్రాక్ష, ఆలివ్ తోటల నడుమ దీన్ని సరుకు కోసం పండిస్తారు. కొనుగోళ్లలో సెంటు తయారీదారులదే పెద్దపీట. జిన్ తయారీలోనూ కొంత వాడకం ఉంది.

సాగులో చిక్కులు తక్కువ. ఎండ తగలాలి, నేలలో నీరు నిలవకూడదు. వేసవిలో వాన లేకున్నా దుంపలోని సత్తువతో నిలుస్తుంది. తడి ఎక్కువైతేనే కుళ్లుతుంది. దుంప వీపు మట్టిపైకి కనిపించేలా నాటాలి. తవ్వినప్పుడు ఆకుతో ఉన్న కొసను కోసి మళ్లీ నాటుతారు గనుక విత్తనం కొనే పనిలేదు. చలి సరిగా లేని మన మైదానాలకు ఇది పంట కాదు. దుగ్గిరాల పసుపు రైతుకు పోటీ భయం లేదు.

పోలిక మాత్రం పసుపుతోనే. పసుపు తొమ్మిది నెలల్లో తవ్వకానికి వస్తుంది, ఉడికించి ఎండబెడితే యార్డుకు సిద్ధం. ఓరిస్ మూడేళ్లు నేలలో ఉండాలి. వేసవిలో తవ్వి, చెక్కు తీసి, ఎండబెట్టాక మరో మూడేళ్లు గోదాములో ఉంచాలి. పచ్చి దుంపలో పరిమళం లేదు. నిల్వలో గాలి సోకి, మెల్లగా ఐరోన్లు ఏర్పడ్డాకే వయొలెట్ పూల వాసన వస్తుంది.

ఇక్కడే పెట్టుబడిదారునికి పరీక్ష. నాటిననాడు పెట్టిన వంద, నూటికి నెలకు రూపాయి వడ్డీతో ఆరేళ్లకు 172 అవుతుంది. ఏటేటా చక్రవడ్డీ కడితే 197. ఎండుతరుగు, గోదాములో పురుగు బెడద దీనికి అదనం. టన్ను ఎండు వేరును బట్టీ పెడితే దక్కే ‘ఓరిస్ వెన్న’ సుమారు రెండు కిలోలే.

ధర పెరిగిందని నేడు నాటినవారి సరుకు ఆరేళ్లకు గాని అమ్మకానికి రాదు. అందరిదీ ఒకేసారి వస్తే ధర దిగక తప్పదు. దిగినప్పుడు నాట్లు మానేస్తే మళ్లీ కొరతే. మొరాకో, చైనా సరుకూ బరిలో ఉంది. 1893లో టీమన్, క్రూగర్ కనుగొన్న అయొనోన్ చౌక సెంట్లలో దీని చోటును చాలావరకు ఆక్రమించింది.

ఖరీదైన సెంట్లకు అసలు వేరే కావాలి. అయితే ఆ కొనుగోలుదారులు ముక్కును మాత్రమే నమ్మరు; ఐరోన్ శాతం పరీక్షించి ధర కడతారు. వడ్డీకి జడిసి రెండో ఏటే అమ్మజూపిన సరుకుకు అక్కడే కోత పడుతుంది.