సిపాయిది ఏ కులం? సెయింట్ జార్జ్ కోట మ్యూజియంలో అడగాల్సిన ప్రశ్న

మద్రాసులో సెయింట్ జార్జ్ కోట కట్టడం 1640లో మొదలైంది. కంపెనీకి ఆ చోటు 1639లో రాసిచ్చింది దామెర్ల నాయకులు, తెలుగు పాలకులే. కోట లోపల 1795లో పూర్తయిన ఒక భవనం మొదట వర్తకుల బేరసారాల చోటు, ఆ తర్వాత సైన్యాధికారుల మెస్సు. 1948 నుంచి అది మ్యూజియం.

అక్కడ మేము కత్తులు, తుపాకులు, సైనిక దుస్తులు, పతకాలు, నాణేలు, దొరల నిలువెత్తు చిత్రపటాలు చూశాం. పటం గీయించుకున్నవాడికి పేరుంది. మరి తుపాకీ మోసినవాడెవడు? వస్తువు తనంతట తాను ఆ సంగతి చెప్పదు. మనమే అడగాలి.

కంపెనీ బెంగాల్ సైన్యం ఎక్కువగా పైకులాల వాళ్లనే ఏరుకునేది. మద్రాసు, బొంబాయి సైన్యాల్లో అంటరానివాళ్లకూ చోటుండేది. మద్రాసు నుంచి క్లైవ్ వెంట వెళ్లిన సిపాయిల మూలంగానే బెంగాల్లో సిపాయికి ‘తెలింగా’ అని పేరొచ్చింది. 1780లో మొదలైన మద్రాసు పయనీర్లు, వాళ్ల తర్వాతి సాపర్లు యుద్ధంలో బాటలు వేశారు, కందకాలు తవ్వారు, వంతెనలు కట్టారు. సాపర్లలో పరయలు పెద్ద సంఖ్యలో పనిచేశారు.

ఊళ్లో వెట్టి చేసే మనిషికి లేనివి మూడు సైన్యంలో దొరికాయి: నెల జీతం, పింఛను, పిల్లలకు చదువు. అంబేద్కర్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులో. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక పాఠశాలలో పంతులు. ఆ ఇంట్లోకి అక్షరం వచ్చింది గుడి నుంచి కాదు, బారకాసు నుంచి.

అయితే ఇది దొరల దయేం కాదు. వాళ్లకు మనుషులు కావాలి, తీసుకున్నారు. ఆ తుపాకుల్ని ఈ దేశ జనం మీదికే గురిపెట్టించారు కూడా. 1857 తర్వాత కొన్ని కులాలే యుద్ధానికి పుట్టాయన్న వాదం బలపడింది. 1890లలో మహర్ల భర్తీ ఆగిపోయింది. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ దాని మీద అర్జీ రాశాడు. మహర్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో. మధ్యలో సుమారు యాభై ఏళ్లు! జీతం, పింఛను, బడి అన్నీ ఒక్క దెబ్బతో పోయిన కుటుంబాలెన్నో లెక్కేసుకోవచ్చు.

అందుకే పిల్లల్ని మ్యూజియానికి తీసుకుపోయే పంతుళ్లు కత్తి ఎవరిదన్న దగ్గర ఆగకూడదు. కందకం తవ్విందెవరు, మెస్సులో వండిందెవరు, ఊడ్చిందెవరు, పింఛను ఎవరికి అందిందని అడిగించాలి. మన పేటల్లో ఏ తాత ట్రంకుపెట్టెలోనో పాత పింఛను కాగితమో, పతకమో ఉంటే అదీ చరిత్రే. చెదలు తినకముందే దాని వివరం రాసి పెట్టుకోవాలి.