కాలయంత్రము తెలుగునకు వచ్చిన సంవత్సరము

శాస్త్రజ్ఞానమును ఊతగా గొని, ఇంకను జరుగని దానిని జరిగినట్లు చెప్పు కథలకు వైజ్ఞానిక కల్పనలని పేరు. పాశ్చాత్యదేశములలో ఇట్టి కథలు టెలివిజన్ ధారావాహికలై దశాబ్దముల తరబడి సాగినవి. ఇంగ్లండులో ‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న ప్రారంభమయ్యెను. కాలమునందు వెనుకకును ముందునకును పోగల యంత్రమే దాని ఆయువుపట్టు. అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలైన ‘స్టార్ ట్రెక్’ 1969లో ఆగిపోయి, పిమ్మట క్రొత్త నటులతో, క్రొత్త నౌకలతో మరల మరల చిగిర్చెను. వాని అభిమానులు ఏ సంవత్సరమున ఏ భాగము వచ్చినదో, ఎప్పుడు ఏ నటుడు మారెనో, మన పెద్దలు ప్రభవ విభవలను అప్పగించినట్లు తడుముకొనక చెప్పుదురు.

తెలుగున అట్టి పరంపర ఏదియు పాతుకొనలేదు. మనకు చెప్పుకొనదగినది ఒక్క సంవత్సరము మాత్రమే. అది 1991. ఆ సంవత్సరము జూలై 18న ‘ఆదిత్య 369’ అను చలనచిత్రము విడుదలయ్యెను. అది టెలివిజన్ కొరకు తీసినది కాదు. కాని తరువాతి తరము పిల్లలలో పెక్కురకు అది పరిచయమైనది ఇంటిలోని టెలివిజన్ పెట్టె ద్వారముననే. ఒక్క చిత్రమే యైనను ధారావాహిక చేయు పనిని అది చేసినది.

దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు సీమవాడు; 1931లో జన్మించెను. మన బెంగళూరునకు ఆయన పరాయివాడు కాడు. రాజ్‌కుమార్ నాయకుడుగా ‘హాలు జేను’, ‘చలిసువ మోడగళు’ మొదలగు కన్నడ చిత్రములను తీసినది ఆయనయే. ఒక్క మాటయైనను లేక నడచిన ‘పుష్పక విమానము’ (1987) చిత్రీకరణము ఈ నగరముననే జరిగెను. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో వెలువరించిన ‘ది టైమ్ మెషీన్’ నవలను విద్యార్థిదశలో చదివిన నాటి ముద్రయే ‘ఆదిత్య 369’నకు బీజమని ఆయన చెప్పియున్నారు. బీజము విదేశీయమే; మొలచిన నేల మాత్రము మనది. వెల్స్ కథానాయకుడు యంత్రము నెక్కి దూరభవిష్యత్తునకు పోవును. శ్రీనివాసరావుగారి యంత్రము మొదట వెనుకకు నడచి, 1526వ సంవత్సరమున, శ్రీకృష్ణదేవరాయల విజయనగరమున దిగినది.

కథ సంగ్రహముగా ఇది. ఆచార్య రామదాసు (టిన్నూ ఆనంద్) కాలయంత్రమును నిర్మించును. రాయలనాటి వజ్రముపై రాజవర్మ యను ధనవంతుని (అమ్రీష్ పురి) కన్ను పడును. కృష్ణకుమారుడు (బాలకృష్ణ), ఆచార్యుని కుమార్తె హేమ (మోహిని) ఆ యంత్రమున చిక్కి 465 సంవత్సరములు వెనుకకు పోవుదురు. అచ్చట రాయలుగా నటించినవాడును బాలకృష్ణయే. తిరుగు ప్రయాణమున యంత్రము 1991న ఆగక 2504వ సంవత్సరమునకు దూకును. అచ్చటి మానవులు అణుధార్మికతకు వెరచి భూగర్భమున కాపురము చేయుచుందురు. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతము. మూడు కాలములను ముగ్గురు ఛాయాగ్రాహకులు చిత్రించిరి. వర్తమానమును పి. సి. శ్రీరామ్ ఆరంభింపగా, ఆయన అస్వస్థతచే రాయల కాలము వి. ఎస్. ఆర్. స్వామి వంతునకును, భవిష్యత్తు కబీర్ లాల్ వంతునకును వచ్చెను. ఇది ముందుగా వేసిన పథకము కాదు, విధి చేసిన ఏర్పాటు. అయినను ఒక్కొక్క యుగమునకు ఒక్కొక్క వెలుగు అమరినది.

ఇక అసలు విషయమునకు వత్తము. మన పేటలో తెలుగు పిల్లలు, కన్నడ పిల్లలు ఒక్క మైదానమున ఆడుకొందురు. చరిత్ర పాఠమున రాయల ప్రసక్తి వచ్చినదా, తగవు సిద్ధము. ‘ఆముక్తమాల్యద వ్రాసిన రాయలు మావాడు’ అని వీరు. ‘కన్నడ రాజ్య రమారమణుడని బిరుదు గలవాడు మీవాడెట్లగును?’ అని వారు. రెండు మాటలును నిజములే. ఆయన వంశము తుళువ వంశము గనుక తుళువారు వచ్చి మూడవ వాదము వినిపించినను తప్పు పట్టలేము! ఆయన కొలువున అల్లసాని పెద్దన మనుచరిత్రమును, నంది తిమ్మన పారిజాతాపహరణమును రచించిరి. ఆయన ఆదరముననే కన్నడమున తిమ్మణ్ణ కవి, కుమారవ్యాసుడు పది పర్వములతో విడిచిన భారతమును పూరించెను. ఆ సభలో కన్నడ పద్యము చదివినవానిని బయటకు పొమ్మన్నవారు లేరు, తెలుగు పద్యమునకు ముఖము చిట్లించినవారును లేరు.

చలనచిత్రములలోను ఈ రాజు ఇరువురకును దక్కినాడు. తెలుగున ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రములలో రాయల పాత్రను ఎన్. టి. రామారావు ధరింపగా, 1970లో కన్నడ ‘శ్రీకృష్ణదేవరాయ’లో రాజ్‌కుమార్ ధరించెను. కొన్ని సంవత్సరముల పిమ్మట రామారావుగారి కుమారుడు అదే కిరీటమును 1991లో పెట్టుకొనెను.

కాలయంత్రము యొక్క ప్రయోజనము ఇచ్చటనే తెలియును. విద్యార్థులారా, 465 సంవత్సరములు పోనక్కరలేదు. ఈ చిత్రము విడుదలైన నాటినుండి నలువది సంవత్సరములు వెనుకకు పోయి హంపిలో దిగి, ‘ఇది ఏ రాష్ట్రము?’ అని అడిగి చూడుడు. మద్రాసు రాష్ట్రమని జవాబు వచ్చును. బళ్ళారి జిల్లా నాడు మద్రాసులోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ జిల్లా పంపకమయ్యెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు వచ్చినవి. హంపి గల హోస్పేట తాలూకా మైసూరునకు పోయినది. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రముల పునర్విభజన జరిగెను. 2021లో బళ్ళారినుండి విడదీసి విజయనగర జిల్లాను ఏర్పరచిరి. హంపిలోని రాళ్ళు కదలలేదు. చుట్టును గీతలు మాత్రము కదలినవి. మన పిల్లల తగవు ఈ గీతలనుండి పుట్టినదే గాని, 1526వ సంవత్సరమునుండి వచ్చినది కాదు.

చిత్రమున చూపినదంతయు చరిత్రయని మాత్రము భ్రమపడరాదు. తెనాలి రామకృష్ణుని (చంద్రమోహన్) అందు రాయల కొలువున చూతుము. జనశ్రుతి అట్లే చెప్పును. కాని పాండురంగ మాహాత్మ్యము వ్రాసిన కవి రాయల తరువాతి కాలమువాడని పలువురు పరిశోధకుల అభిప్రాయము. సినిమావారు కథలవైపు మొగ్గిరి. పరీక్షలో అట్లు వ్రాసిన వానికి నేను పూర్తి మార్కులు వేయను. సినిమా చూచునప్పుడు మాత్రము నవ్వక మానను.

ఇంతకును కాలయాత్ర సాధ్యమా? తరగతిలో ఈ ప్రశ్న అడుగని విద్యార్థి లేడు. నేను భాషోపాధ్యాయుడను, అయినను భౌతికశాస్త్రోపాధ్యాయుల సహాయమున తెలిసికొన్నంత చెప్పెదను. ముందునకు పోవుట శాస్త్రవిరుద్ధము కాదు. వేగముగా పోవు గడియారము నిలిచియున్న గడియారముకంటె మెల్లగా నడచునని ఐన్‌స్టైన్ 1905లో ప్రతిపాదించెను. 1971లో హాఫెలే, కీటింగ్ అను శాస్త్రజ్ఞులు సీసియం పరమాణు గడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పి, నేలపై నిలిపిన వానితో పోల్చి చూడగా, సెకనులో అతిస్వల్ప భాగము తేడా కనబడెను. మీ తల్లిదండ్రుల ఫోనులలో దారి చూపు జి. పి. ఎస్. ఉపగ్రహముల గడియారములు వేగము వలన వెనుకబడి, భూమ్యాకర్షణ తక్కువగుట వలన అంతకంటె ఎక్కువ ముందునకు పోయి, మొత్తముమీద దినమునకు సుమారు 38 మైక్రోసెకనులు ముందుండును. దానిని సరిదిద్దనిచో ఒక్క దినముననే దారి కిలోమీటర్ల కొలది తప్పును. కనుక 2504కు పోవుట కష్టమే గాని, కూడదని శాస్త్రము అనదు. 1526కు పోవుట వేరు సంగతి. వెనుకకు పోయినవాడు తన తాత పెండ్లిని చెడగొట్టినచో తానెట్లు పుట్టును? తాను పుట్టనిచో వెనుకకు పోయినదెవడు? ఈ ముడిని ఇంతవరకు ఎవరును విప్పలేదు. చమత్కారమేమనగా, శాస్త్రము అంగీకరించు దిక్కున భయంకరమైన లోకమును, అంగీకరింపని దిక్కున మనోహరమైన కొలువును ఈ చిత్రము నిలిపినది.

తరువాయి భాగము మాటేమి? ‘ఆదిత్య 999’ అను పేరుతో రెండవ చిత్రము వచ్చునని చాలకాలము ప్రచారము జరిగెను. ఆ ప్రచారమే కొనసాగుచుండగా, పాత చిత్రమునే మెరుగులు దిద్ది 2025 ఏప్రిల్ 4న మరల విడుదల చేసిరి. ఇతర దేశములవారు సంవత్సరమునకొక భాగము చొప్పున లెక్క పెట్టుకొనుచుండగా, మనము ముప్పదినాలుగు సంవత్సరముల పిమ్మట ఆ యొక్క దానినే మరల చూచితిమి.

హంపి బెంగళూరునకు సుమారు 340 కిలోమీటర్లు. అచ్చటికి పోవు విద్యార్థులు విఠ్ఠలాలయపు రాతి రథముతో ఆగక కృష్ణాలయమునకును పోవలెను. రాయలు 1514లో నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గమును గెలిచి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి, మరుసటి సంవత్సరము ఆ యాలయమున ప్రతిష్ఠించెను. ఆ వృత్తాంతము అచ్చటి శాసనమున కలదు. విగ్రహము ఇప్పుడు అందు లేదు; చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది.