గాలికి అడ్డు – సరుగుడు తోట

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన సముద్రపు ఒడ్డున చాలాచోట్ల సరుగుడు తోటలు కనిపిస్తాయి. ఈ చెట్టు చూడడానికి హిమాలయ కొండల్లోని దేవదారులా ఉంటుంది. కాని ఆ జాతి కాదు. దేవదారు పువ్వు పూయదు. సరుగుడు చిన్న చిన్న పూలు పూస్తుంది.

సరుగుడు ఆకు అని మనం అనేది నిజానికి సన్నని రెమ్మ. ఒక రెమ్మను లాగి చూడండి. కణుపు దగ్గర ఊడి వస్తుంది. కణుపు చుట్టూ సన్నని పళ్లలాంటివి ఉంటాయి. అవే అసలు ఆకులు. ఆకు చిన్నది కాబట్టి చెట్టులోని తడి తొందరగా ఆరిపోదు. అందుకే ఇసుకలో, ఉప్పుగాలిలో కూడా బతుకుతుంది.

మరి ఇసుకలో ఎరువు ఎక్కడిది? పెసర మొక్కను పీకితే వేళ్లకు బుడిపెలు కనిపిస్తాయి కదా! సరుగుడు వేళ్లకూ బుడిపెలుంటాయి. వాటిలో కంటికి కనిపించని జీవులుంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువుగా ఇస్తాయి.

ఈ చెట్టు ఆస్ట్రేలియా, మలయా దీవుల వైపుది. 1860 తరువాత మద్రాసు వైపు రైలింజన్లకు కట్టెల కోసం దీని తోటలు పెంచారు. ఇప్పుడు నాలుగైదేళ్లకే కోతకు వస్తోంది. బాదులు పాకకు, పందిరికి, సెంట్రింగుకు పనికొస్తాయి. కాగితం మిల్లులు కర్ర కొంటాయి. పుల్లలు పచ్చిగా ఉన్నా పొయ్యిలో మండుతాయి.

అన్నిటికన్నా పెద్ద ఉపయోగం ఇంకొకటి ఉంది. ఈ తోట సముద్రపు గాలి జోరు తగ్గిస్తుంది. ఇసుక ఎగిరి పొలాల మీద పడకుండా ఆపుతుంది. అయితే ఒక మాట గుర్తుంచుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. అంత పెద్ద గాలిని ఏ తోటా పూర్తిగా ఆపలేదు. తుపాను హెచ్చరిక వస్తే తోటను నమ్ముకొని ఇంట్లో ఉండకండి. పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని షెల్టరుకు వెళ్లండి.

పిల్ల పెళ్లికో, అప్పు తీర్చడానికో తోట కొట్టిస్తాం. అది తప్పు కాదు. ఒడ్డు పొడవునా అంతా ఒకేసారి కొట్టేస్తేనే ముప్పు. గాలికి అడ్డు పోతుంది. అందుకని ఇలా చేద్దాం:

ఒక ముక్క కొట్టి, అక్కడ మళ్లీ నాటాలి. అది ఎదిగాకే రెండో ముక్క కొట్టాలి.

రాలిన ఆకు పొయ్యిలోకి ఊడ్చి తెచ్చుకుంటాం. మొత్తం ఊడ్చకుండా కొంత వదలాలి. అది ఇసుకకు దుప్పటి.

మొగలి పొదలు, తాటిచెట్లు కొట్టకూడదు. మొగలి ఊడలు ఇసుకను పట్టి ఉంచుతాయి.

అలల అంచుదాకా సరుగుడు నాటకూడదు. ఎండాకాలం ముందు సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటికి ఖాళీ ఇసుక కావాలి.

ఆలోచించండి: మీ ఊరి ఒడ్డున ఉన్న తోట ఎవరిది? ప్రభుత్వానిదా, పంచాయతీదా, రైతులదా? ఈ ఏడు ఎంత కొడుతున్నారు? మళ్లీ ఎవరు నాటుతారు? పదిమంది ఆడవాళ్లు కలిసి వెళ్లి గ్రామసభలో అడగండి. వచ్చిన జవాబును మీ చేత్తోనే రాసి పెట్టుకోండి.