గోదావరి గట్టు మీద సైకిలు సవారి

మా యానాంలో ఒకప్పుడు సైకిలు లేని గుమాస్తా ఉండేవాడు కాడు. ఇప్పుడు సైకిలెక్కిన గుమాస్తా కనబడితే "ఏమండీ, బండి రిపేరుకిచ్చారా?" అని జాలిగా అడుగుతున్నారు. ఆ మధ్య మేము కూడ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మేము అనగా ముగ్గురము: ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్న గుమాస్తా, ఆఫీసులో పక్క బల్ల మిత్రుడు, పదిహేనేళ్ళ మా అబ్బాయి. రక్తంలో చక్కెర హద్దు మీరిందనీ, రోజూ గంటసేపు ఒళ్ళు వంచవలసిందేననీ డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. మొదట్లో హైవే మీదనే తొక్కేవాళ్ళము. రెండేళ్ళ క్రిందట ఒక తెల్లవారుజామున మిత్రుణ్ణి వెనుకనుంచి లారీ రాసుకుపోయింది. కాలు విరిగి నాలుగు నెలలు మంచం పట్టాడు. ఆ సాయంత్రమే మా సైకిళ్ళు రెండూ పెరటి కొట్లోకి పోయాయి. తాళంచెవి మా ఇంటావిడ కొంగుకు చేరింది. ఆమెను తప్పు పట్టలేము. ఆసుపత్రిలో ఆ మిత్రుని భార్య పక్కన రాత్రంతా కూర్చున్నది ఆమే.

మళ్ళీ దారి చూపినది కూడ ఆ మిత్రుడే. కర్ర పట్టుకుని ఏటిగట్టు మీద నడక సాగిస్తూ, ఒకనాడు "ఇంతసేపు నడిచాను, ఒక్క లారీ ఎదురు కాలేదురా" అన్నాడు. అంత చిన్న సంగతి అన్నాళ్ళూ మాకు తోచలేదు.

గౌతమి ఎడమ ఒడ్డున ఎగువకు పోయే ఈ గట్టు కొంత మేర తారు, కొంత మేర కంకర, కొన్నిచోట్ల ఉత్త మట్టి. సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం చీకటితోనే బయలుదేరాము. ఎడమచేతి వైపు గోదావరి, నడుమ లంకలు, వాటికవతల కోనసీమ కొబ్బరితోటలు. కుడిచేతి వైపు దాళ్వా నాట్లు. వెనుకనుంచి పొద్దు పొడుస్తుంటే మా నీడలే మాకు ముందు పరుగెత్తాయి. ఒకచోట పాక ముందు తేగలు కాలుస్తున్న ముసలమ్మ, "ఎక్కడికి బాబూ, పొద్దున్నే?" అన్నది. ఊరికే తిరుగుతున్నామని చెబితే నమ్మలేదు. ఓట్ల లెక్కకు వచ్చామనుకున్నట్లున్నది. తేగలకు మాత్రం డబ్బు తీసుకోనన్నది. మావాడు బలవంతాన చేతిలో పెట్టాడు.

కంకర దారిమీద తొక్కే తీరు వేరు. గాలి బిర్రుగా కొట్టిన సన్నని టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. వెడల్పు టైరులో గాలి కాస్త తగ్గిస్తే రాయి మీద నొక్కుకుని మెత్తగా పోతుంది. విదేశాలలో ఇందుకోసమే గ్రావెల్ బైకులని ప్రత్యేకంగా చేస్తున్నారు. మా అబ్బాయి దాని బొమ్మ చూపించి, ధర మాత్రం నెమ్మదిగా చెప్పాడు. మా జీతం సంగతి ఇక్కడ వ్రాయనక్కరలేదు. టైరు ఎంత వెడల్పని అడిగితే సుమారు 40 మిల్లీమీటర్లన్నాడు. కొట్లో ఉన్న మా నాన్నగారి సైకిలుకు టైపు పట్టి కొలిచాము. 28 అంగుళాల చక్రానికి ఒకటిన్నర అంగుళం టైరు, అనగా 38 మిల్లీమీటర్లు! గేర్లు లేవు, బరువు ఎక్కువ, నిజమే. కాని డెల్టాలో ఎక్కవలసిన కొండ ఏదీ? గట్టు ఎక్కే ఏటవాలు ఒక్కటే కదా. వాడు ముఖం ముడుచుకుని ఆ సైకిలే ఎక్కాడు.

కోటిపల్లి చేరే ముందు ఆ ముడి విప్పవలసి వచ్చింది. సర్కారు తుమ్మ ముల్లు దిగి ముందు చక్రం గాలి పోవడము, వదులు కంకరలో వాడు జారి గట్టు వాలున పడడము ఒక్కసారే జరిగాయి. మోచేయి చీరుకున్నది. మా గుండె ఆగినంత పనైంది. ఆ క్షణంలో మాకు కళ్ళ ముందు కనిపించినది వాడు కాదు, వాళ్ళమ్మ కొంగున తాళంచెవి. గేదెలను తోలుకొస్తున్న ఒకాయన నీళ్ళిచ్చి గాయం కడిగాడు. ట్యూబుకు ప్యాచీ వేయడం మిత్రునికి బాగా తెలుసు. అరగంటలో మళ్ళీ కదిలాము.

కోటిపల్లి సోమేశ్వరుణ్ణి దర్శించుకుని, ఉత్తరానికి తిరిగి ద్రాక్షారామం వెళ్ళి, కాలువ గట్ల వెంట ఇంజరం మీదుగా ఇల్లు చేరాము. మొత్తం సుమారు 50 కిలోమీటర్ల చుట్టు. ఈ కాలువ గట్లకు ఒక చరిత్ర ఉన్నది. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి తవ్వించిన కాలువలు సాగుకే కాదు, పడవ ప్రయాణానికీ పనికివచ్చాయి. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవను లాగేవాళ్ళు. ఇవాళ మనకు ప్రశాంతమైన దారి అనిపిస్తున్నది ఒకప్పుడు వాళ్ళ భుజాలు ఒరుసుకుపోయిన దారి. లాకుల దగ్గర ఆగి చూస్తే ఆ కాలపు రాతికట్టు ఇప్పటికీ కనబడుతుంది.

వెళ్ళదలచినవారికి ఒక మాట. జూలై నుంచి అక్టోబరు వరకు ఏటిగట్టు జోలికి పోవద్దు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2022 జూలైలో మా యానాం వీధుల్లో నీళ్ళు నిలిచాయి. ఆ రోజుల్లో గట్టు మనకు దారి కాదు, మన ప్రాణం. తడిసిన గట్టు మీద చక్రాల గాడి పడితే వాననీరు ఆ గాడివెంటే కోసుకుపోతుంది.

గట్టు అంతా తారు వేసేస్తారేమోనని మా అబ్బాయికి దిగులు. ఇటలీలో టస్కనీ సీమలో తెల్లమట్టి దారులు తారుపాలు కాకుండా కాపాడాలని జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో పాత సైకిళ్ళతో ఎరోయికా అనే సవారీ మొదలుపెట్టాడని వాడే చదివి చెప్పాడు. మిత్రుడు ఒప్పుకోలేదు. "అర్ధరాత్రి నొప్పులు పడే ఆడమనిషిని కంకర మీద ఆటోలో తీసుకుపో, అప్పుడు చెప్పు" అన్నాడు. మాకూ అదే న్యాయమనిపించింది. ఆదివారం సరదాకు వెళ్ళేవాళ్ళము వద్దనడానికి ఎవరము? ఐతే తారు పడగానే ఇసుక లారీలు కూడ వస్తాయి. ఆ మాటకు మిత్రుడు కాలు తడుముకుని ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మోచేతి కట్టు దాచుదామని వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. మా ఇంటావిడ వడ్డిస్తూనే కనిపెట్టింది. కట్టు విప్పి చూసి, పసుపు పెట్టి, ఏమీ అనలేదు. సాయంత్రం తాళంచెవి కొంగు నుంచి తీసి గోడ మేకుకు తగిలించింది. "హైవే తగిలిన చోట ముగ్గురూ దిగి నడిపించుకుంటూ దాటండి" అని మాత్రం అన్నది.